మేము సున్నం వేసిన సమాధి

మా అమ్మకి మధ్యాహ్నం పూట నిద్రకీ మెలకువకీ మధ్య గోడ లేదు. అన్నం తిని వరండాలో మడతమంచం మీద ఒరిగిందంటే, నిమ్‌పురా యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడే జోలపాట. కళ్ళు సగం మూసి ఉన్న ఆ వేళలోనే ఆమెకి వాళ్ళ మామ్మ కనిపిస్తుంది. నాకు తాతమ్మ అవుతుంది. తెలుగు నేలకి దూరంగా ఉన్న ఈ రైల్వే ఊరు ఊరు కాకముందు, సాల చెట్ల అడవి కొట్టి పట్టాలు వేస్తున్న రోజుల్లో, శ్రీకాకుళం వైపు పల్లె నుంచి మట్టి పనికి వచ్చిన మనిషి. అమ్మని పదేళ్ళదాకా పెంచింది ఆవిడే.

"మామ్మ సున్నమేస్తంది," అంటుంది అమ్మ కళ్ళు తెరవకుండానే.

"దేనికమ్మా?"

"తన సమాదికి. మోకాళ్ళ మీద కూకోని తనే ఏసుకుంటంది. నాను డబ్బా అట్టుకోని నిలబడ్డాను."

చచ్చిపోయిన మనిషి తన సమాధికి తనే సున్నం వేసుకోవడమేమిటని నేను నవ్వేదాన్ని. ఎనభై మూడేళ్ళ మనిషి కల అది. కలకి సాక్ష్యం అడుగుతామా?

ఆ సమాధి నాకూ తెలుసు. నవంబరులో సమాధుల పండగ వచ్చిందంటే మా ఇంట్లో ముందురోజే సున్నం నానేది. శ్మశానంలో మూడో వరస, గోడ వైపు నుంచి ఏడోది. రాయి లేదు, పేరు లేదు. మోకాలెత్తు దిమ్మ, దాని మీద చెయ్యి విరిగిన సిమెంటు సిలువ. మేం పిల్లలం గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్ళం. తర్వాత అమ్మ మమ్మల్ని తరిమేసేది. తల వైపు కూర్చుని, దిమ్మ మీద చెయ్యి వేసి, అరగంటసేపు ఏదో చెప్పుకునేది. ఏడాది పొడుగునా ఎవరికీ చెప్పనివన్నీ అక్కడ చెప్పేది. మా నాన్న తాగి వచ్చిన రోజులు, నాకు ముందు పుట్టి పోయిన బాబు, ఇంకా నాకు ఈ రోజుకీ తెలియనివి. నాకు ఆ సమాధి మీద చిన్నప్పుడు అసూయగా ఉండేది. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు.

పోయిన ఏడాది అమ్మ జబ్బుపడి లేచింది. లేచిన వారానికే ఒక మాట అంది. "నన్ను మామ్మ కాడే ఎట్టండి. ఇంకేటీ అక్కర్నేదు."

శ్మశానంలో చోటు లేదు. పాత సమాధిని తెరిచి అందులో ఇంకొకరిని పెట్టవచ్చు కానీ, అందులో ఉన్నవాళ్ళు మనవాళ్ళేనని చర్చి రిజిస్టరులో చూపించాలి. నేను ముప్ఫై ఏళ్ళు రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరైనదాన్ని. కాగితమంటే నాకు వంటింట్లో పోపుడబ్బా లాంటిది. "అదెంత పనమ్మా," అన్నాను. అలా అన్నందుకు తర్వాత చాలాసార్లు నన్ను నేనే తిట్టుకున్నాను.

మొదట ఇంట్లో రేకుపెట్టె తెరిచాను. ముత్తాత పాత రైలు పాసు కాగితం ఒకటి దొరికింది. ఆయన పేరుంది, పనిచేసిన గ్యాంగు ఉంది, ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్ ఉన్నాయి. తాతమ్మ కూడా ఉంది. "భార్య, ఒకరు" అని. అలాంటి పాసులు నేనే ఎన్ని రాశానో లెక్కలేదు. ఆ "ఒకరు" అన్నచోట ఒక మనిషి కూర్చుని కిటికీలోంచి చూస్తూ ప్రయాణం చేస్తుందని ఏనాడూ నాకు తట్టలేదు.

తర్వాత ఆవిడ పల్లెకి ఫోను చేయించాను. ఎవరో పెద్దాయన విసుక్కోకుండానే చెప్పాడు. "ఆ రోజుల్లో రైలు పనికి ఎల్లిపోయినోళ్ళు సానామందమ్మా. ఎల్లినోళ్ళని ఎవులు గుర్తెట్టుకుంటారు? ఉన్నోళ్ళకే గుర్తుల్నేవు."

ఆ వారాల్లో నాకు కూడా అమ్మలా మెలకువలో కలలు కనే జబ్బు పట్టుకుంది. ఒకరోజు మా మేనల్లుడి ఫ్యాక్టరీకి అన్నం క్యారియర్ ఇవ్వడానికి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వైపు వెళ్ళాను. అక్కడ ఏదో పునాదికి యంత్రం నేలని తవ్వుతోంది. ఎర్రటి కంకర మట్టి గాలిలో లేచి, ఎండలో అలాగే నిలిచిపోయింది. ఆ ఎర్రదనంలోంచి ఒక మనిషి నడిచి వస్తున్నట్టు అనిపించింది. చీర మోకాళ్ళ పైకి దోపి, తల మీద చుట్టకుదురు, దాని మీద తట్ట. నిండిన తట్టని ఎవరూ తమంతట తాము నెత్తికెత్తుకోలేరు. ఎదురుగా ఒక జతగత్తె ఉండాలి. ఇద్దరూ వంగి, చెరో అంచూ పట్టి, "ఊఁ" అని ఒక్కసారి లేపాలి. అమ్మ ఎప్పుడో చెప్పింది, మామ్మ ఎవరికి ఏ బరువు ఎత్తుతున్నా "ఊఁ" అనేదట, నీళ్ళబిందె అయినా, పిల్లనైనా. బ్యాటరీ రిక్షా టోటో అతను "దీదీ, ఉఠియే," అని ఎక్కమంటూ రెండుసార్లు పిలిచేదాకా నేను రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాను.

చర్చిలో అయ్యగారు చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. పాత రిజిస్టర్లు బీరువాలోంచి తీసి బల్ల మీద పరిచాడు. పుటలు తేయాకు రంగుకి తిరిగాయి. తాతమ్మ పోయిన ఏడాది నాకు ఉజ్జాయింపుగా తెలుసు కాబట్టి అటు రెండేళ్ళు ఇటు రెండేళ్ళు వేలితో చూసుకుంటూ పోయాను. ఆవిడ లేదు. మరో రోజు వెళ్ళి ఇంకో నాలుగేళ్ళు చూశాను. లేదు.

"పోనీ, వరస నంబరు పెట్టి వెతుకుదాం," అన్నాడు అయ్యగారు.

మూడో వరస, ఏడో సమాధి అన్నిటికంటే పాత రిజిస్టరులో దొరికింది. మా తాతమ్మ చావుకి ఎన్నో ఏళ్ళ ముందుది. ఆడమనిషి. మట్టి కూలి. వయసు పద్దెనిమిది. జబ్బు కలరా. బాప్తిస్మం ఉంది, బంధువులు లేరు. శవాన్ని తెచ్చినవారి గడిలో ఒక వేలిముద్ర ఉంది. పక్కన ఎవరో చక్కటి దస్తూరీతో మా తాతమ్మ పేరు, ఆవిడ పల్లె పేరు రాసి, "తోటి కూలి" అని చేర్చారు.

నేను ఆ వేలిముద్ర మీద నా వేలు పెట్టాను. అలా పెట్టకూడదని గుమస్తాగా నాకు తెలుసు.

అయ్యగారు ఇంకో రిజిస్టరు తెరిచి మా తాత బాప్తిస్మం చూపించాడు. తండ్రి పేరుంది. తల్లి పేరు పక్కన "బాప్తిస్మం పొందలేదు" అని ఉంది. భర్త పొందాడు, కొడుకు పొందాడు, ఆవిడ పొందలేదు. ఎందుకో ఏ పుటలోనూ లేదు. "అప్పట్లో బాప్తిస్మం లేనివారిని ఇక్కడ పెట్టనిచ్చేవారు కాదండి," అన్నాడు అయ్యగారు నేలకేసి చూస్తూ. "నది ఒడ్డుకి తీసుకెళ్ళి ఉంటారు. కాంసాయి ఒడ్డున దహనం చేసి ఉంటారు."

అంటే ఆవిడ బతికినన్నాళ్ళూ ఏటేటా జతగత్తె సమాధికి సున్నం వేసింది. ఆవిడ పోయాక కోడలు వేసింది, తర్వాత మా అమ్మ, తర్వాత మేము. మధ్యలో ఎక్కడో, ఎవరూ అబద్ధం చెప్పకుండానే, ఆ సమాధి ఆవిడదైపోయింది. అమ్మ కల కల కాదు. నాలుగేళ్ళప్పుడో ఐదేళ్ళప్పుడో సున్నం డబ్బా పట్టుకుని నిలబడి కళ్ళారా చూసింది. నేనే నవ్వాను.

ఇంటికి నడిచే వచ్చాను. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. చావు విషయంలో ఎన్ని ఆడవచ్చో ఎవరూ చెప్పలేదు. ఒక్కటి చాలు నాకు. "దొరికిందమ్మా, మామ్మే," అంటే అమ్మ నిశ్చింతగా నిద్రపోతుంది. కానీ డెబ్బై ఏళ్ళకి పైబడి అక్కడ చెప్పుకున్న మనిషికి, ఎవరితో చెప్పుకుందో తెలియకుండా చెయ్యడానికి నాకు నోరు రాలేదు. మూడు రోజులు మనసులోనే తిప్పుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం చెప్పేశాను.

అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మామ్మ పోయినప్పుడు నాకు తట్టు పోసీసినాది," అంది. "పక్కింట్లో ఎట్టీసినారు నన్ను. లెగిసినాక మా నాయన సెయ్యట్టుకోని ఆ సమాది కాడికి తీసుకెల్లి ఏడిసినాడు. ఆయనేటీ సెప్పనేదు. నానూ అడగనేదు. గుడిలో మామ్మ సివరి వరసలోనే కూకునీది. బాప్తిస్మమైనోళ్ళకే రొట్టీ రసం ఇచ్చీ ప్రబువు బల్ల కాడికి ఎల్లీది కాదు. కాళ్ళనొప్పులనుకున్నాను నాను."

యార్డులో ఏదో బండి కదిలింది. ఆ చప్పుడు దూరం పోయేదాకా ఇద్దరం విన్నాం.

"ఆ మనిసికి వయిసెంత?"

"పద్దెనిమిదమ్మా."

అమ్మ చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. "పద్దెనిమిదేటి. అంత సిన్న గుంటపిల్లకి నానివన్నీ సెప్పీసినానా. మొగుడు కొట్టినాడని సెప్పినాను. బాబు పోనాడని సెప్పినాను. ఆ పిల్లకి పెళ్ళైనా అయినాదో నేదో."

ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. నాకు భయమేసింది, నిజం చెప్పి పొరపాటు చేశాననిపించింది. వారం రోజులపాటు అమ్మ మధ్యాహ్నాలు నిద్రపోలేదు. కళ్ళు తెరుచుకునే పడుకుని దేన్నో చూస్తూ ఉండేది. మామ్మ సున్నం వేస్తోందని మళ్ళీ అనలేదు.

తర్వాతి ఆదివారం అయ్యగారు అమ్మకి ఇంటి దగ్గరే ప్రభువు బల్ల ఇవ్వడానికి వచ్చాడు. ప్రార్థన అయ్యాక సంచీలోంచి దరఖాస్తు కాగితం తీశాడు. కమిటీలో మాట్లాడాడట. ఇన్ని తరాలుగా ఆ సమాధి చూసుకున్నవాళ్ళు వేరే ఎవరూ లేరు కాబట్టి అభ్యంతరం లేదన్నారట. చుట్టరికం గడి మాత్రం ఖాళీగా వదలకూడదట.

"ఇంక అక్కర్లేదేమో అయ్యగారూ," అన్నాను నేను. "అమ్మ మామ్మ దగ్గరకనే అడిగింది. ఆవిడ అక్కడ లేదు కదా."

"నువ్వుండే," అంది అమ్మ. తలగడ సర్దుకుని నిటారుగా కూర్చుంది. "రాయండి అయ్యగారూ."

"ఆవిడ మీకేమవుతుందని రాయమంటారమ్మా?"

"ఆ పిల్ల నా మనవరాలని రాయండి."

అయ్యగారు నావైపు చూశాడు. రాయమని తల ఊపాను. రాశాడు. అమ్మ వేళ్ళు వణుకుతాయి కాబట్టి సంతకం చెయ్యలేకపోయింది. స్టాంపు ప్యాడు మీద అద్ది బొటనవేలు పట్టించాను.

ఆయన వెళ్ళాక అమ్మ చీరకొంగుతో సిరా తుడుచుకుంటూ, "రేపు నన్ను కాంసాయి ఒడ్డుకి ఒకపాలి తీసుకెల్లు," అంది.

"ఇప్పుడెందుకమ్మా, ఎండ పడదు నీకు."

"మామ్మకి సెప్పాల గదా. అక్కడెక్కడున్నాదో ఏటో, నీల్లకి సెప్పినా ఇంటాది. నీ కాడికి రానేనే మామ్మా, నీ జతగత్తె ఒక్కర్తీ ఉండిపోనాది, దాని కాడికి నాను ఎల్తన్నాను, నువ్వు బెంగెట్టుకోకు అని."