చూపు తిప్పని షుయ్ బాబాయి

మా షుయ్ బాబాయి లేజర్ మిషను నడుస్తున్నంతసేపూ దాని మీది నుంచి చూపు తిప్పడు. ఆ ఒక్కటి తప్పిస్తే చాలా మామూలు మనిషి.

తైనాన్‌లో లిఫ్టు లేని అయిదంతస్తుల పాత మేడ మాది. నాలుగో అంతస్తులో ఆయన, అయిదో అంతస్తులో నేనూ మా అమ్మమ్మా. మోకాళ్లు అరిగిపోయి అమ్మమ్మ మెట్లు దిగి ఆరేళ్లయింది. బాబాయి లెక్కల మాస్టారుగా రిటైరై, ఆ మిషను కొని ముందుగదిలో పెట్టి, పలుచటి చెక్కను కాంతితో కోసి దుకాణాలకు పేరు పలకలు చేస్తున్నాడు. పక్కనే మంటలార్పే ఎర్ర సిలిండరు, తడి తువ్వాలు. మిషను మొదలైందా, ఆయన స్టూలు మీద బిగుసుకుపోతాడు. ఒక కన్ను ఆర్పి, అది తెరిచాకే రెండోది ఆర్పుతాడు. పనయ్యాక చెక్క ముక్కలన్నీ ఊడ్చి, ఆరిన మిషను ముందు ఇంకో పది నిమిషాలు కూర్చుంటాడు.

కూతుర్ని పెళ్లికి అడగడానికి ఒకబ్బాయి ఇంటికొస్తే, వీపు వాడివైపు పెట్టే మాట్లాడి, వీపుతోనే ఒప్పుకున్నాడు. తీరా పెళ్లినాడు కళ్లనీళ్లతో వెళ్లి, అల్లుడనుకుని ఫొటోగ్రాఫర్ని కౌగిలించుకున్నాడు.

మిషను నడవని శనివారం ఉదయాలు ఇంకో చోద్యం. బియ్యం మూట వీపున కట్టుకుని మా గుమ్మం దగ్గర్నుంచి వీధిలోకి దిగుతాడు, గడియారం చూసుకుంటాడు, మళ్లీ పైకి మోస్తాడు. ఎందుకు బాబాయ్ అంటే వ్యాయామం అంటాడు. మాస్టారికి మతి చలించిందని మూడో అంతస్తువాళ్లు తీర్మానించేశారు.

మా దేశంలో ఏ మిషను మీదైనా పచ్చరంగు చిరుతిండి ప్యాకెట్టు ఒకటి పెడతారు. దాని పేరుకు అర్థమే 'బుద్ధిగా ఉండు' అని, అది ఉంటే మిషను బుద్ధిగా ఉంటుంది. బ్యాంకుల్లోనూ పెడతారు, ఆసుపత్రుల్లోనూ పెడతారు. బాబాయి మాత్రం మంట అంటుకునే వస్తువని దాన్ని గడప తొక్కనివ్వలేదు. ఆ మిషనును చూస్తే నాకు జాలేసేది.

ఒక సాయంత్రం చెత్తబండి పాట వినబడింది. వీధంతా సంచులతో పరుగు. బాబాయి ఇంట్లో చెత్త మూడు వారాలది, వాసన మా వంటింటి దాకా వస్తోంది.

"అయిదు నిమిషాలు నేను చూస్తాను, మీరు వెళ్లి పడేసి రండి బాబాయ్," అన్నాను.

చాలాసేపు తటపటాయించి లేచాడు. "చూపు తిప్పకమ్మాయ్," అని సంచి పట్టుకుని బయటికి నడిచాడు.

ఆయన అటు వెళ్లగానే నేను నా సంచీలోంచి పచ్చ ప్యాకెట్టు తీసి మిషను వెనక ఆనించాను. ప్యాకెట్టు మీది పేరు వంకరగా ఉంటే ఫలితం ఉండదని సరిచేస్తూ కూర్చున్నాను. చెక్క మీదికి గాలి ఊది మంట లేవకుండా చూసే పంపు అక్కడే ఉంది. ప్యాకెట్టు దాని మూతికి అతుక్కుపోయి గాలి ఆగిపోయింది. తలెత్తేసరికి మిషను మూత లోపల పసుపుపచ్చ మంట.

ఇంతలో బాబాయి చెత్తసంచితో సహా వచ్చిపడ్డాడు. కరెంటు ఆపాడు, మూతెత్తాడు, తడి తువ్వాలు కప్పాడు. మంట చచ్చింది. మనిషి అసలు మెట్లే దిగలేదు, బయటి నుంచి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

"రవ్వ మిగిలి ఉంటుంది, చూస్తూ ఉండు," అని నాకు చెప్పి, జన్మలో మొదటిసారి మిషనుకు వీపు తిప్పి పైకి పరుగెత్తాడు.

కాసేపటికి మెట్ల మీంచి దిగాడు. వీపు మీద మా అమ్మమ్మ.

మిషను చల్లారాక నేనూ కిందికి వెళ్తే, ఆరేళ్లకు వీధి మొహం చూసిన అమ్మమ్మ వీధి చివర ఇంకా వినబడుతున్న చెత్తబండి పాటకు తలూపుతోంది. పక్కన బాబాయి ఆయాసపడుతున్నాడు. బియ్యం సంగతి అప్పుడు అడిగాను.

"మీ అమ్మమ్మ నలభై రెండు కిలోలు. ఆవిడ కింద కూర్చుని నిప్పుతో పని చేస్తున్నవాణ్ణి, దించడం రాకపోతే ఎలా?" అని, గడియారం చూసి మొహం చిట్లించాడు. "బియ్యంతో మూడు నిమిషాలే. ఇవాళ నాలుగయ్యాయి."

అమ్మమ్మ నా చెవి దగ్గరికి వంగింది. "మూడు కిలోలు పెరిగానే. వాడికి చెప్పకు."

నేను చెప్పేశాను. మరుసటి శనివారం మూట బరువు పెరిగింది. ఆ పచ్చ ప్యాకెట్టు మాత్రం అమ్మమ్మ ఆ రోజే తినేసింది.