వాకిలిలా తడిసిన పలక

త్రివేణి చిక్కడపల్లి పిల్ల. అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల పక్కనే పెరిగి కూడా సర్కారు కొలువు జోలికి పోకుండా సిమెంటు దుమ్ము కోరుకున్న మొండిఘటం. నారాయణగూడలో లేస్తున్న పెద్ద భవనం దగ్గర కాంక్రీటును పరీక్షించడం ఆమె పని. ఇన్నాళ్లూ ఇంజనీరు వీరరాఘవరావు పక్కన నిలబడి చూసింది. ఆ రోజు ఆయన, "సరుకు దించుకోవాలో, తిప్పి పంపాలో నువ్వే చెప్పమ్మా," అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చెడ్డ కాంక్రీటును ఒప్పుకుంటే స్తంభం గుల్లవుతుంది. మంచిదాన్ని కాదంటే లారీడు సరుకు మట్టిపాలవుతుంది. ఎటు తప్పినా రేపటి నుంచి ఆమె మాట వినే నాథుడుండడు.

స్తంభాల్లో చువ్వలు దట్టంగా ఉన్నాయని, తనంతట తానే పారి సందులన్నీ నింపే కాంక్రీటు తెప్పించారు. దాని గుణం తెలియాలంటే ఇనుప పలక మీద అడుగులేని శంకువు డబ్బా నిలబెట్టి, నింపి, మెల్లగా పైకెత్తాలి. దోశపిండిలా గుండ్రంగా పరుచుకోవాలి. కంకర మధ్యలోనే ఆగి నీళ్లు అంచుకు చేరితే ఆ సరుకు పనికిరాదు.

మొదటి లారీ సరుకు నింపి త్రివేణి డబ్బా ఎత్తింది. కాంక్రీటు బాగానే పారింది గానీ చుట్టూ నీళ్ల అంచు కట్టింది. దారిలో చుక్క నీళ్లు కలపలేదని లారీ డ్రైవర్ శ్రావణ్ ఒట్టేశాడు. తిప్పి పంపమనబోయి ఆమె మళ్లీ వంగి చూసింది. కంకర అంచుదాకా సమంగానే వచ్చింది. కాంక్రీటు చేరని మూలల్లో కూడా పలక మీద నీళ్లు నిలిచి ఉన్నాయి.

పలక కడిగింది సైటులో కూలీ ఈదమ్మ. పిలిచి అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇయ్యాల నీ చేతుల మీద పని మొదలైతుంది గద బిడ్డా. వాకిలి తీర్గ నీళ్లు జల్లిన."

ముగ్గొక్కటే తక్కువ. కోపం రావాల్సిన త్రివేణికి నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. పలక తడిగ ఉండాలె గని నీళ్లు నిలవొద్దు పెద్దమ్మా అని చెప్పి, తడిగుడ్డతో ఆమె చేతే తుడిపించి మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారి అంచు శుభ్రంగా వచ్చింది. రెండు వైపులా టేపు పట్టి కొలిస్తే కొలత సరిపోయింది.

"దించుండ్రి," అంది త్రివేణి. తన గొంతు అంత గట్టిగా పలుకుతుందని ఆమెకే తెలియదు.

రెండో లారీ వచ్చింది. వీరరాఘవరావు పాత అలవాటు కొద్దీ లేచి, దించేయమని చెయ్యి ఊపారు. తడిగుడ్డ పట్టుకుని ఈదమ్మ అడ్డం నిలబడింది.

"జర ఆగుండ్రి సారు. మా బిడ్డ ఇంక చెప్పలే."

ఆయన ఒక్క క్షణం ఆమె వంక చూసి, నవ్వుకుంటూ మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.