బావగారి మీద కక్షతో కొన్న పడవ

మా ఆయన అన్నగారు నా చేతిలోంచి గాలంకర్ర లాక్కున్న రోజునే నాకు సొంత పడవ కావాలని బుద్ధి పుట్టింది. మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఒప్పుకోరు. సరదాకి కొన్నావంటారు. సరదా కోసం అయితే బావగారు తిరిగే నీళ్ళలో తిప్పడానికే కొనాల్సిన అవసరం ఏముంది?

నేను పుట్టింది గంజాంలో. నాన్న అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసేవారు. సెలవు దొరికితే ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలం వేసుకుని కూర్చునేవారు, పక్కన నేను. చేప లాగినప్పుడు తాడు ఎంత వదలాలో, ఎక్కడ బిగించాలో బడికి వెళ్ళకముందే నాకు తెలుసు. పెళ్ళయి బరంపురం వచ్చాక అదంతా పోయింది. ఆ ఊళ్ళోనే హల్దియాపదర్‌లో మా అత్తవారిది పెద్ద ఇల్లు, బజారులో స్టీలు సామాను కొట్టు. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి చేపతో ఉన్న పని పొలుసు గీకడం, కారం పట్టించడం, అంతే.

బావగారికి చిలికా సరస్సు ఒడ్డున రంభలో ఒక ఫైబర్ బోటు ఉండేది. పెద్ద ఇంజను, ఎర్ర రంగు, ముక్కు పైకి లేచి ఉంటుంది. ఆదివారం వస్తే స్నేహితులని ఎక్కించుకుని చిలికా మీదికి పండుగప్పల వేటకు వెళ్ళేవారు. పండుగప్పను ఒడియావాళ్ళు భేక్టీ అంటారు. గాలానికి తగిలిందంటే నీళ్ళ మీదికి ఎగిరి తల విదిలిస్తుంది. మొప్పల మూత అంచు తగిలితే వేళ్ళు తెగుతాయి.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఇంటిల్లిపాదినీ తన బోటులో తీసుకెళ్ళారు. కొండరాళ్ళ పక్కన బోటు ఆపినప్పుడు, నేనొకసారి వేస్తానని కర్ర అడిగి తీసుకున్నాను. రెండు రాళ్ళ మధ్యకు విసిరాను. పడీ పడగానే పండుగప్ప అందుకుంది. ఎంత పెద్దదంటే, నా భుజాలు రెండూ ముందుకు గుంజుకుపోయాయి. వదిలాను, బిగించాను, మళ్ళీ వదిలాను. అది అలిసిపోయి పక్కకు ఒరిగి, తెల్లటి పొట్ట కనిపిస్తున్న సమయంలో బావగారు లేచి వచ్చారు.

"ఇలాగియ్యి, తాడు తెంపెత్తావు. ఇది నీ వల్లయ్యే పని కాదు."

"అయిపోనాదండి బావగారూ, నేనే తీత్తాను" అన్నాను.

వినలేదు. నా వేళ్ళు విడదీసి కర్ర లాక్కున్నారు. అలిసి, కదలకుండా పైకి వచ్చిన చేపను ఎత్తి పట్టుకుని ఫొటో దిగారు. నా అరచేతిలో తాడు కోసిన గీత మీద ఉప్పునీళ్ళు మండుతున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన కూడా.

అక్కడితో పోతే మరిచిపోయేదాన్నేమో. ఆ తర్వాత ఏ శుభకార్యానికి వెళ్ళినా బావగారి ఫోను బయటికి వచ్చేది. అస్కాలో ఒక పెళ్ళిలో మా సొంత మేనమామకే ఆ ఫొటో చూపించారు, నేను పక్కనే ఉండగా. "మా మరదలు కర్ర ఒట్టుకుని గజగజ వొణికిపోతంటే నాను అందుకున్నాను. లేకపోతే చేపా పోను, పిల్లా పోను" అన్నారు. మామయ్య నా వైపు చూసి నవ్వాడు. ఆయన నన్ను మొగ దగ్గర చిన్నప్పటి నుంచి చూసినవాడే. అయినా నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో మా ఆయనతో అన్నాను: "పడవొకటి కొంటానండి."

"ఏటి? పడవా? కొట్టుకి ఆటో కొందావంటే వొద్దన్నావు కాదేటి?"

"ఆటో ఏసుకుని చిలికాలోకి ఎల్లలేం కదండీ."

మొదట బాలుగాం వెళ్ళాం. అక్కడ అమ్మకానికి ఒక బోటు ఉంది. బావగారి దానికంటే పొడవు, ఇంజను కూడా పెద్దది. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఆయన పక్కనుంచి దూసుకుపోతూ వెనక్కి తిరిగి చూస్తే ఆయన ముఖం ఎలా ఉంటుందో, అక్కడే నిలబడి ఊహించుకున్నాను. ఆ ఊహలోనే బేరం కూడా అయిపోయేది. అయితే నీళ్ళలోకి దించి ఒకసారి తిప్పమన్నాను. ఇంజను తాడు లాగడానికే నా బలం చాలలేదు. ఒడ్డుకు చేర్చాలంటే ఇద్దరు పట్టుకోవాలి. ప్రతి ఆదివారం ఎవడో ఒక మగవాణ్ణి బతిమాలుకోవాల్సి వస్తే, నేను బావగారి లాంటి ఇంకొకర్ని కొనుక్కున్నట్టే అవుతుంది.

తర్వాత రంభలో చూసింది సన్నటి పడవ. తేలిక, ముద్దుగా ఉంది. నేను అందులో నిలబడి, టూరిస్టు బోటు ఒకటి పక్కనుంచి పోయేదాకా ఆగాను. ఆదివారాలు రంభ దగ్గర నీళ్ళు బరంపురం బజారులా ఉంటాయి. పక్షుల్ని చూసేవాళ్ళు, పాటలు పెట్టుకుని తిరిగేవాళ్ళు, రొయ్యల పడవలు, ఒకదాని అల మీద ఇంకొకదాని అల. టూరిస్టు బోటు అల తగలగానే ఆ సన్నటి పడవ ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, నేను కూలబడ్డాను. ఒడ్డు మీద మా ఆయన నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగి నిలబడ్డారు.

మూడోది రంభలోనే, బోర్లించి ఉంది. వెడల్పు, అడుగు పళ్ళెంలా చదును. చిన్న ఇంజను, వద్దనుకుంటే దాన్ని పైకి లేపేసి వెదురు గెడతో నెట్టుకుపోవచ్చు. అల తగిలితే అడుగు చప్పట్లు కొట్టినట్టు మోగుతుంది, నీళ్ళు ఒళ్ళంతా చిమ్ముతాయి, కానీ ఒరగదు. నిలబడి గాలం విసిరి చూశాను. మళ్ళీ విసిరాను. మోకాలు లోతు నీళ్ళలో కూడా ఆగకుండా జారిపోయింది.

బావగారి బోటు లోతు నీళ్ళు దాటి రాలేదు. జాలరులు వలలు కట్టే వలగుంజల పక్కన, రాళ్ళకీ ఒడ్డుకీ మధ్య లోతు లేని నీళ్ళలో ఆయన ఏనాడూ గాలం వెయ్యలేదు. ఆయన రాలేని చోటికి నేను పోతాను.

"ఇదా? ఇంత గొప్ప సెప్పి, ఇదా?" అన్నారు మా ఆయన.

"ఇదేనండి."

నేను గెడ వెయ్యడం నేర్చుకునేవరకూ బావగారు ఎగతాళి చేస్తూనే ఉన్నారు. "మా మరదలు పీట మీద కూకుని తేల్తంది" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఆదివారం వెళ్ళేదాన్ని, వలగుంజల పక్క నుంచి పండుగప్పలు తెచ్చేదాన్ని, కొన్నిటిని వాళ్ళింటికే పంపేదాన్ని. కూర వండేది మా తోటికోడలు. తినేది ఆయన. అది కొంచెం బాగుండేది, కానీ చాలేది కాదు.

పిక్నిక్‌లు జోరుగా ఉండే చలికాలంలో ఒక ఉదయం చాలినంత దొరికింది. నేను గుంజల దగ్గర, లోతు నీళ్ళ అంచున గెడ వేసుకుని నిలబడ్డాను. ఎర్ర బోటు వచ్చింది. లోపల బావగారు, వ్యాపారం మీద వచ్చిన ఇద్దరు అతిథులు. నన్ను చూసి చెయ్యి ఊపి, నా చుట్టూ వేగంగా ఒక చుట్టు తిప్పారు. అలలకి నేను మోకాళ్ళ మీద పడ్డాను, చీరంతా తడిసింది. అతిథులు నవ్వారు. "బావగారూ, వలలున్నాయి, సూసుకోండి!" అని అరిచాను. ఆయన తల తిప్పి గుంజల్ని చూశారు, నన్ను చూశారు, నవ్వారు. ఇంకొంచెం దగ్గరగా రెండో చుట్టు తిప్పారు.

ఇంజను గుర్రుమని ఆగిపోయింది. దాని ఫ్యాన్‌కి వల చుట్టుకుంది. గాలి బోటుని మెల్లగా బురద మీదికి తోసింది.

"అమ్మా! ఇటు రా, తాడు అందుకో!" అని కేక వేశారు.

నేను ఆయనకు వీపు పెట్టి నిలబడి గాలం విసిరాను. విన్నాను, అయినా విసిరాను. అంత అలజడిలో చేప పడుతుందని అనుకోలేదు, కానీ పడింది. తొందరపడకుండా వదిలాను, బిగించాను. వెనక నుంచి ఆయన పిలుస్తూనే ఉన్నారు. పండుగప్పను పడవలో వేసి, చేతులు కడుక్కుని, అప్పుడు గెడ తీశాను.

అప్పటికే వల తాలూకు జాలరులు వచ్చేశారు. ఆదివారాలు కలుస్తుంటాం కాబట్టి వాళ్ళు నన్ను అపా అంటారు, అక్కా అని. బావగారు ఒడియాలో వాళ్ళకు సర్ది చెబుతున్నారు, వల కనపడలేదని, పొరపాటని. వాళ్ళలో పెద్దవాడు నా వైపు తిరిగాడు.

"దేఖిథిలే కి, అపా?" చూశాడా అని.

బావగారు నా వైపు చూశారు. ఆ చూపులో ఆజ్ఞ లేదు. మొదటిసారి బతిమాలడం కనిపించింది. మా ఇంటి కోడలిగా నేను చెప్పాల్సిన మాట ఏమిటో నాకు తెలుసు.

"దేఖిథిలే" అన్నాను. "నేను కేక కూడా వేశాను. చూసే తిప్పారు."

వల బాగుచేసేదాకా కదలడానికి వీల్లేదన్నారు వాళ్ళు. అతిథులు నా పడవలోకి ఎక్కుతామన్నారు, ఎక్కించుకున్నాను. బావగారు కూడా ఒక కాలు ఎత్తారు.

"మీరుండండి బావగారూ. వల చిక్కు తియ్యడం మీ వల్లయ్యే పని, నా వల్ల కాదు" అన్నాను.

ఒడ్డుకు చేరాక అతిథులకు టీ ఇప్పించాను. చేప ఎవరు పట్టారని ఒకాయన అడిగితే నేనేనని చెప్పాను. మధ్యాహ్నం ఎండలో దూరంగా ఎర్ర బోటు కనపడుతూనే ఉంది. బురదలో దిగి, ప్యాంటు మడిచి, బావగారు చిక్కు తాడు ఒక కొస పట్టుకుని నిలబడ్డారు. నేను టీ ఇంకొకటి చెప్పి, చూస్తూ తాగాను. అంత రుచిగా టీ తాగిన గుర్తు లేదు.

సాయంత్రం తోటికోడలు ఫోను చేసింది. గొడవకి సిద్ధపడే ఎత్తాను.

"ఏటమ్మా, ఆ వలోళ్ళు ఈయన్ని అంత తొందరగా ఒదిలీసినారేటి?" అంది. అవతల నవ్వు ఆపుకుంటున్నట్టుంది.

మా ఆయన మాత్రం చాలా రోజులు ముభావంగా ఉన్నారు. అన్నయ్య పరువు తీశావన్నారు. తీశానన్నాను. ఈమధ్య మళ్ళీ మాట కదిపారు: "అన్నయ్య ఎర్ర బోటు అమ్మీసినాడు. ఒకసారి నీ పడవలో కూకుంటానంటన్నాడు. ఇంకా కచ్చ తీర్లేదేటి నీకు?"

తీరింది. అయినా ఎక్కించుకోను.

ఆదివారాలు ఆయన రంభ ఒడ్డుకు వచ్చి నిలబడుతున్నారు, చేతిలో కొత్త కర్రతో. పెద్దవారు కదా, కనపడగానే నమస్కారం పెడతాను. పెట్టి, గెడ గుచ్చి పడవ నెట్టుకుని వెళ్ళిపోతాను.