గోల్ గీత దగ్గర ఆర్విల్
నెబ్రాస్కాలోని మా ఊరి మంగలి ఆర్విల్, శుక్రవారాల్లో బడిపిల్లలాడే అమెరికన్ ఫుట్‌బాల్‌కి రిఫరీ. ఎవరైనా బంతిని ఎత్తి దూరంగా తన్నగానే గోల్ గీత పక్కన నడుం వంచి, రెప్ప వేయకుండా చూస్తాడు. తన్నిన జట్టు బంతిని గీతకు ఇవతలే ఆపితే, ఎదుటివాళ్లు ఆ ఇరుకులోంచే ఆడాలి. బంతి గీతను తాకితే మాత్రం ఇరవై గజాలు ముందుకు తెచ్చి ఎదుటివాళ్లకే ఇస్తారు.

చివరి ఆటలో మా జట్టు కుర్రాడు, ఆర్విల్ స్నేహితుడు డ్వైట్ కొడుకు కర్టిస్, గీత అంచున ఒళ్లంతా వాల్చి బంతిని ఆపాడు. జనం లేచి నిలబడ్డారు. ఆర్విల్ మాత్రం బంతి గీతను తాకిందని చేయి ఊపాడు. ఇరుకు తప్పిన ఎదుటివాళ్ల చేతిలో మావాళ్లు ఓడారు.

"వేలెడు దూరానికి మావాడి కష్టమంతా మట్టిలో కలిపావు కదరా," అన్న డ్వైట్ మళ్లీ క్షవరానికి రాలేదు.

క్రిస్మస్ ముందు కర్టిస్ ఒక్కడే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"తాకింది బాబాయ్. నాకప్పుడే తెలుసు. నాన్నకి ఇవాళ చెప్పాను."

ఆర్విల్ కత్తెర పక్కన పెట్టి, చేతిని కాసేపు అతని భుజం మీద ఉంచాడు.