మూడు సీసాల పాలు, ఒక రంగులాయన

చక్రాన్ని ఎవరు కనిపెట్టారో చరిత్ర చెప్పలేదు. తాగబోయే ప్రతిదాన్నీ ముందు మణికట్టుతో మూడుసార్లు గుండ్రంగా తిప్పే ఆచారం మాత్రం ఫలానా ఇంటి అల్లుడితోనే మొదలైందని ఘంటాపథంగా చెప్పవచ్చు. రంగుల దుకాణంలో పద్నాలుగేళ్ళుగా డబ్బాలు కలుపుతున్న చెయ్యి అది. టీ తిప్పేవాడు, దగ్గుమందు తిప్పేవాడు, ఆఖరికి ఉత్త మంచినీళ్ళు కూడా తిప్పేవాడు. భార్య విసుక్కోని పూట లేదు.

ఆ భార్య ఓడరేవులో క్రేను నడుపుతుంది. పురిటి సెలవు అయిపోయి ఆ ఉదయమే మళ్ళీ పైకెక్కింది. ఎక్కితే భోజనం కూడా పైనే. సాయంత్రం దాకా దిగే ప్రసక్తి లేదు. అందుకే ముందే పాలు పిండి మూడు సీసాల్లో నింపి, తేదీలు వేసి, ఫ్రిజ్‌లో లోపలికంటా పెట్టి, పాపను మొగుడికీ మొగుణ్ణి తన తల్లికీ అప్పగించి వెళ్ళింది.

పదయ్యేసరికి పాప రాగం అందుకుంది. అత్తగారు సీసా తీసి వెలుతురుకు పట్టి చూశారు. పైన పచ్చగా మీగడ, కింద నీళ్ళలాంటి పాలు. తక్కిన రెండూ అంతే. ఆవిడ ఇంకో మాట లేకుండా మూడింటినీ పట్టుకుని సింకు వైపు నడిచారు. అల్లుడు పాపతో సహా అడ్డం వెళ్ళాడు.

“పారబోయకండి అత్తయ్యా. విరగలేదవి, తేరుకున్నాయంతే.”

“ముగ్గుర్ని పెంచాను బాబూ. విరిగిన పాలు నాకు తెలీవా?”

“డబ్బాలో నూనె పైకి తేలితే రంగు పారేస్తామా? కలిపి గోడకేస్తాం.”

“నా మనవరాలు గోడా?”

పాప ఇద్దరికీ కలిపి ఒకటే జవాబిచ్చింది, పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునేంత గట్టిగా.

అత్తగారు ఆ గోలకి ఉలిక్కిపడ్డ అదనులో అతను ఒక సీసా లాక్కుని గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో నిలబెట్టాడు. చలి వదిలాక తిప్పాడు. కుదపలేదు, నురగ కట్టిన సరుకంటే అతనికి గిట్టదు. ఒకటి, రెండు, మూడు. మీగడ తీగలు తీగలుగా దిగి కరిగిపోయింది. సీసా అంతా ఒకటే తెలుపు. అత్తగారు వాసన చూశారు, ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలిక్కి తగిలించుకున్నారు. తియ్యగానే ఉన్నాయని గోడవైపు చూస్తూ ఒప్పుకుని, తక్కిన రెండు సీసాలూ మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేశారు.

అల్లుడు కుర్చీ సర్దుకుని, గొంతు సవరించుకుని, పాపను ఒళ్ళో వేసుకుని సీసా నోటికందిస్తూ కూర్చున్నాడు. ఉపన్యాసం ఇమ్మని ఎవరైనా అడిగితే కాదనేవాడు కాదు. పాప చుక్క మిగల్చకుండా తాగి అక్కడే నిద్రపోయింది. అత్తగారు చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టారు. అతను పిల్లను ఎత్తుకుని మునివేళ్ళ మీద వంటగది రెండు చుట్లు తిరిగి వచ్చాడు.

తర్వాత పాపను పడుకోబెట్టి, ఈ ఘనకార్యాన్ని భార్యకి మెసేజీగా రాయడానికి కూర్చున్నాడు. వర్ణనలతో, ఉపమానాలతో అది పదహారో వాక్యానికి చేరేసరికి ఒంటిగంటైంది. అది పంపేలోపే పాపకి మళ్ళీ ఆకలేసింది.