అందరి ఉపాసాల త్రినాధరావు

త్రినాధరావుకి దేవుళ్ళ పట్టింపు లేదు, ఉపాసాల పట్టింపు ఉంది. ఏ మతంలో ఉపాసం కనబడినా అది తనకే చెప్పినట్టు నెత్తినేసుకుంటాడు. మనిషి చూస్తే బెల్లం దిమ్మలా గుండ్రంగా ఉంటాడు. ఉద్యోగం చూస్తే అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ క్యాంటీన్‌కి పెద్ద వంటాయన. మూడొందల మందికి వండేవాడు తాను పస్తుంటే ఆ మూడొందల మందికీ ఒకటే అనుమానం: "వండినోడే తినట్లేదంటే సాంబార్లో ఏటి కలిసిందో!"

ఆ అనుమానానికి రోజూ జవాబు చెప్పుకునే ఖర్మ నానాజీది. త్రినాధరావు భార్య నూకరత్నానికి తమ్ముడు. అదే క్యాంటీన్‌లో సరుకుల గది తాళాలు అతని దగ్గరే ఉంటాయి. ఏ దేవుణ్ణీ నమ్మడు. మధ్యాహ్న భోజనాన్ని నమ్ముతాడు.

అనకాపల్లిలో కంపెనీ బస్సు ఆరింటికి కదులుతుంది. ఆ వేళప్పుడు మంచులో చెరకు తోటలు నేలనొదిలి ఓ జానెడు పైన తేలుతున్నట్టుంటాయి. ఎక్కడో పాకం ఉడుకుతున్న వాసన కిటికీలోంచి వచ్చి జనాన్ని జోకొడుతుంది. బస్సంతా సగం నిద్ర, సగం కల. సరిగ్గా అప్పుడే త్రినాధరావు ప్రసంగం మొదలవుతుంది.

"తిండి మానమని సెప్పని దేముడు లేడ్రా నానాజీ. అందరూ ఒకే కంపెనీలో ట్రైనింగయ్యేరు."

"మరి కొట్టుకోడం ఎందుకు బావా?"

"ఆళ్ళెక్కడ కొట్టుకున్నారు? కడుపు నిండినోళ్ళు కొట్టుకుంటన్నారు."

గ్రంథాలు కూడా వదిలేవాడు కాదు. ముస్లిముల గ్రంథంలో మీకంటే ముందువాళ్ళకీ ఇదే చెప్పాం అని ఉందట. ఏసుప్రభువైతే ఉపాసమున్నప్పుడు మొహం వేలాడదీయకు, తలకి నూనె రాసుకుని తిరుగు అన్నాడట. కృష్ణుడు మరీ తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదన్నాడట.

"అయితే కృష్ణుడు నిన్నొద్దంటన్నాడు కదా బావా!"

"అందుకే పండగలకి డబలు తింటన్నాను. ఆయన సగటు సూసుకుంటాడు."

అసలు చిక్కేమిటంటే, ఏ మతంలోకి వెళ్ళినా ఆ మతస్థులకంటే నాలుగాకులు ఎక్కువే చదివేవాడు. గేటు దగ్గర సెక్యూరిటీ పనిచేసే దేముడనే పెద్దాయన ఏకాదశికి ఉప్మా తింటుంటే చూసి, "ఇది ఉపాసమా, టిఫినా?" అని నిలదీసి, తాను పచ్చి మంచినీళ్ళతో సరిపెట్టాడు. ల్యాబులో పనిచేసే సునీత ఈస్టరు ముందు నలభై రోజులు మాంసం మానేస్తే, తాను మాంసంతో పాటు గుడ్డూ, వెల్లుల్లీ, చివరికి కాకరకాయా మానేశాడు.

"కాకరకాయ ఏం పాపం చేసింది అంకుల్?" అంది సునీత.

"నాకది శానా ఇష్టమమ్మా. ఇష్టమైంది వదలకపోతే త్యాగమెలాగవుద్ది?"

మధ్యాహ్నం రెండు దాటితే ఆకలి తలకెక్కి, త్రినాధరావు కళ్ళు అరమోడ్పులయ్యేవి. గరిటె పట్టుకునే కలలు కనేవాడు. ఓ రోజు పూడిమడక రేవులోని పడవలన్నీ చెరకు తోటల మీదుగా వరసగా వచ్చి క్యాంటీన్ ముందు ఆగాయట. దేవుళ్ళందరూ దిగి బల్లల దగ్గర కూర్చున్నారట. ఎవరికి వడ్డించబోయినా, "ముందు ఆయనకి పెట్టు" అని పక్కాయన్ని చూపించారట. అలా తిరిగి తిరిగి అన్నం చల్లారిపోయిందట.

"ఆఖరికి ఎవరు తిన్నారు బావా?"

"అప్పుడే నువ్వొచ్చి కందిపప్పు అయిపోయిందని లేపేసేవు కదరా!"

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది. రంజాను నెల వచ్చేసరికి నవ్వు నంజుకోడానికి కూడా మిగల్లేదు. రోజా ఉన్న త్రినాధరావు ఈసారి చిటికెడు పులుసు కూడా నాలిక మీద వేసుకోనన్నాడు. రుచి చూడని వంటకి ఉప్పు ఎవరు చెప్పాలి? సోమవారం సాంబారు సముద్రం. మంగళవారం చప్పిడి పథ్యం. బుధవారం రెండు గంగాళాల్లో ఒకటి సముద్రం, ఒకటి పథ్యం. తెలివైనవాళ్ళు రెండూ కలుపుకుని తిన్నారు. తెలివి తక్కువవాళ్ళు ఫిర్యాదు రాశారు.

కొత్తగా వచ్చిన క్యాంటీన్ మేనేజరు శ్రీదేవి మేడమ్‌కి మతాలతో పేచీ లేదు, ఫిర్యాదులతో ఉంది. త్రినాధరావునీ, నానాజీనీ పిలిచి ఒక్క మాట చెప్పింది.

"రేపు మధ్యాహ్నం మీరు వండింది మీరే అందరి ముందూ తినాలి. తినకపోతే ఎల్లుండి నుంచి బస్సెక్కక్కర్లేదు."

"అలాగే మేడమ్" అన్నాడు త్రినాధరావు. బయటికి రాగానే, "ఎల్లుండి నుంచి ఏం పని సూసుకోవాలంటావురా?" అన్నాడు.

నానాజీకి ఒళ్ళు మండిపోయింది. ఇంటి అద్దె కళ్ళముందాడింది, అక్క మొహం కళ్ళముందాడింది. ఈ మనిషికి చెప్పి లాభం లేదు, ఉపాసం సొంతదారుకే చెప్పాలనుకున్నాడు. ప్యాకింగులో పనిచేసే గఫూర్‌ది నక్కపల్లి. ఆ షిఫ్టులో రోజా ఉండేది అతనొక్కడే. భోజనాల వేళ క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుంటాడు. నానాజీ వెళ్ళి పక్కన కూలబడ్డాడు. ఇద్దరూ సరదాకి ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

"బావా గఫూరూ, మా బావకి నువ్వైనా సెప్పు. వంటోడు నాలిక మీద ఏసి సూడకూడదని మీ మతంలో ఉందా?"

"లేదు బావా! వంటోళ్ళు రుచి సూసి ఉమ్మెయ్యొచ్చని మా పెద్దోళ్ళే సెప్పేరు. ఆ మాటే అంటే, 'మీ మతంలో సడలింపులెక్కువ' అని నన్నే కసిరేడు."

"పోనీ, అసలీ రోజాలే మానెయ్యమని నువ్వే సెప్పు."

గఫూర్ క్యాంటీన్ తలుపు వైపు చూశాడు. లోపల్నించి మూడొందల కంచాల చప్పుడు వస్తోంది.

"పోయినేడు మొదటి రోజు ఇక్కడే ఒక్కణ్ణీ కూకున్నాను బావా. ఆకలికి అలవాటే. ఆ కంచాల సప్పుడుకే అలవాటు లేదు. త్రినాధరావన్న వచ్చి, 'నేను కూడా ఇయ్యాళ ఉపాసమే' అని పక్కన కూకున్నాడు. నోటమ్మట మసాలా వాసనొత్తంది! అప్పుడే తినొచ్చేడు. మర్నాటి నుంచి మాత్రం నిజంగానే మానేసేడు."

నానాజీ లెక్కలు సరుకుల పుస్తకం దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ రోజు వెళ్ళాయి. సెక్యూరిటీ దేముడు కార్తీకంలో రిటైరయ్యాడు. బావ ఏకాదశి మళ్ళీ మాట ఎత్తలేదు. సునీత వేరే యూనిట్‌కి బదిలీ అయింది. ఈసారి రంజానూ, ఈస్టరు ముందు నలభై రోజులూ కలిసే వచ్చినా, వారం సెలవునాడు బావ రోజా కూడా లేకుండా పట్టపగలే కాకరకాయ వేపుడు శుభ్రంగా తిన్నాడు. మతాల అధ్యయనమూ కాదు, మన్నూ కాదు. ఈ పెద్దమనిషి చూసేది పంచాంగం కాదు, హాజరు పట్టీ. క్యాంటీన్లో ఎవరు ఒంటరిగా పస్తుంటే ఆ రోజు ఆయన మతం అదీ!

ఆ సాయంత్రం బస్సులో పట్టుకున్నాడు.

"రేపు నువ్వు తింటన్నావు బావా."

"తిననురా."

"గఫూరంతా సెప్పేసేడు."

త్రినాధరావు దొంగతనం బయటపడ్డవాడిలా కిటికీలోకి తిరిగిపోయాడు. బయట పొద్దు వాలి, పొలాల మీద పొగ ఎర్రగా అల్లుకుంటోంది.

"ఆడిదంతా వాగుడు. నాది మతాల అద్దెయనం." గొంతు తగ్గించి అన్నాడు: "నేను తింటే, ఆ మెట్ల మీద ఆడి పక్కనెవరు కూకుంటార్రా?"

నానాజీ ఏం అనబోయాడో తెలీదు. నోట్లోంచి మాత్రం "నేను కూకుంటాను" అని వచ్చేసింది. వెనక్కి తీసుకుందామనుకునేలోపు బస్సు స్టాపు వచ్చింది.

మర్నాడు త్రినాధరావు మూడొందల మంది ముందూ కూర్చుని మూడు మార్లు అన్నం పెట్టించుకున్నాడు. నాలుగోసారి మేడమే, "చాలండీ, నమ్మాం" అని చెయ్యి పట్టుకుంది. ఆ గోల వినబడుతుంటే, వెనక మెట్ల మీద నానాజీ పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. గోంగూర పచ్చడి వాసన గోడలోంచి దూసుకొస్తోంది.

"టైమెంతయింది?" అన్నాడు నానాజీ.

"పన్నెండూ ముప్పావు."

"ఇందాకా అదే సెప్పేవు!"

"ఇందాకా అడిగి అరనిమిషమైంది బావా. ఇంతకీ నీకు దేముడంటే నమ్మకం లేదు కదా, ఏ దేముడి పేరు మీద ఉంటన్నావు?"

నానాజీ నీరసంగా గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"నీ పేరు మీదే. నోరు మూసుకుని దగ్గరగా జరుగు."