పన్నెండో బిరడా

ఫ్యాక్టరీలో అందరికీ ఆవిడ అక్కే. ఆవిడకంటే పదేళ్లు పెద్దవాడైన వాచ్‌మన్ కూడా అక్కా అనే పిలుస్తాడు. నిజంగా అక్క అయ్యేది మాత్రం ఫోర్‌మన్ ఒక్కడికే. తోడబుట్టినవాడు. ఆ పదవిలోకి వచ్చి మూడు వారాలైంది, నడకలో అప్పుడే కాస్త తేడా వచ్చింది.

అక్క పని నూనె ఒత్తిడితో పనిచేసే కొత్త హైడ్రాలిక్ ప్రెస్సులకు తొలిస్నానం చేయించడం. కొత్త పైపుల్లో వెల్డింగు పొట్టు, ఇనప రజను, దుమ్ము ఉంటాయి. అందులో ఇసుకరేణువంతది వాల్వులో ఇరుక్కున్నా అంత పెద్ద యంత్రమూ మొరాయిస్తుంది. అందుకని సిలిండర్నీ వాల్వుల్నీ పక్కన పెట్టి, పైపుల్ని ఒకదానికొకటి కలిపి, వాటిలో వేడి నూనెను గంటల తరబడి తిప్పుతుంది. తర్వాత ఫిల్టరు తీసి తెల్లగుడ్డ మీద దులిపి, కళ్లజోడు సర్దుకుని చూస్తుంది. ఒక్క నలుసు కనబడిందా, కథ మళ్లీ మొదటికే. ఇంట్లో గిన్నెలు కూడా ఇలాగే తోముతావా అని తోటివాళ్లు వేళాకోళమాడితే, గిన్నెలు మా ఆయన తోముతాడు, అందుకే ఇక్కడ ఇంత ఓపికగా ఉన్నాను అంటుంది.

కడిగిన పైపుల్లోకి దుమ్ము పోకుండా చివరలకు పన్నెండు ఎర్ర ప్లాస్టిక్ బిరడాలు పెడుతుంది. పైపు బిగించేముందు తీసిన బిరడా తిరిగి పాత బిస్కెట్ల డబ్బాలో పడాలి. పన్నెండూ లెక్క తేలాకే స్విచ్చి. చాదస్తమంటే చాదస్తమే, ఆవిడ వినదు.

ఆరోజుది తమ్ముడు ఫోర్‌మన్‌గా నడిపించి చూపించే మొదటి ప్రెస్సు. కొనేవాళ్లు వచ్చి కూర్చున్నారు. యజమాని నవ్వు మొహంతో మంచినీళ్లు అందిస్తున్నాడు. ఇస్త్రీ చొక్కాలో తమ్ముడు స్విచ్చి దగ్గర నిలబడ్డాడు. అక్క డబ్బా తెరిచి లెక్కపెట్టింది. పదకొండు. మళ్లీ లెక్కపెట్టింది. ఆవిడ మీద జాలిపడి అవేం పన్నెండు కాలేదు.

చూపు సిలిండరు పైపు మీదికి పోయింది. తను చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, కొనేవాళ్ల కారు వచ్చిందన్న హడావిడిలో దాన్ని బిగించింది తమ్ముడే. నోరు విప్పితే మూడు వారాల పరువు గంగలో కలుస్తుంది. విప్పకపోతే ఆ ప్లాస్టిక్కు ముక్కలుముక్కలై నూనెతోపాటు యంత్రమంతా తిరుగుతుంది. చూస్తూ చూస్తూ ఆ పని ఆవిడవల్ల కాదు.

"ఆగండి," అంది. "పైపులో ఒక బిరడా మరిచిపోయాను."

ఇన్నేళ్లూ లేనిది ఇవాళేనా అని యజమాని గొణిగాడు. అక్క స్పానరు తీసుకుని సిలిండరు పైపు విప్పింది. ఎర్ర బిరడా లోపల హాయిగా కూర్చుని ఉంది.

చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగలగొట్టి తమ్ముడు అక్క వెనక దాక్కున్నాడు. తిట్లన్నీ అక్కే తింది. ఇప్పుడు వాడు స్విచ్చి వదిలి అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అక్క కాదండీ. ఆ పైపు బిగించింది నేను."

కొనేవాళ్లలో పెద్దాయన లేచొచ్చి బిరడాను అటూ ఇటూ తిప్పి చూశాడు. తొందరేం లేదు, పైపు శుభ్రంగా తుడిచాకే మొదలుపెట్టండి అని వెళ్లి కూర్చున్నాడు.

అక్కకు కళ్లు చెమర్చాయి. చేతులకు నూనె ఉండడంతో తుడుచుకోలేదు. బిరడాను డబ్బాలో వేసి, డబ్బా తమ్ముడి చేతిలో పెట్టింది.

"నువ్వు లెక్కపెట్టు," అంది.

వాడు అందరికీ వినబడేలా పన్నెండూ లెక్కపెట్టి, స్విచ్చి వెయ్యమని అక్కకు దారిచ్చాడు.